వెండితెరపై దైవప్రవక్తలు: ఇస్లాం దృక్పథం

తెలుగునాట చలనచిత్రం పురాణం ఒడిలో పుట్టి పెరిగింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. 1957లో వచ్చిన 'మాయాబజార్' తర్వాత శ్రీకృష్ణుడనగానే నందమూరి తారక రామారావు గారి రూపమే తెలుగువారి కళ్ళముందు నిలిచింది. 1978లో విడుదలైన 'కరుణామయుడు' చిత్రంతో విజయచందర్ గారి ముఖమే ఎందరికో ఏసుక్రీస్తు ముఖమైంది. ఇటువంటి వాతావరణంలో చదువుకుంటున్న ముస్లిం విద్యార్థిని తోటి విద్యార్థి ఏదో ఒకనాడు అడగక మానడు: "మీ ప్రవక్తగారి మీద సినిమా ఎందుకు లేదు? కనీసం ఒక పటమైనా ఎందుకు లేదు?"

ఈ ప్రశ్నలో ద్వేషం లేదు. స్నేహితుని ఇంటి ఆచారాన్ని తెలుసుకోగోరే సహజమైన కుతూహలమే ఉన్నది. కాని మనలో చాలామంది "మా మతంలో అది హరాం" అని రెండు ముక్కలలో ముగించి ముఖం తిప్పుకుంటారు. ఆ మాటతో సంభాషణ ఆగిపోతుంది, సందేహం మాత్రం అలాగే మిగులుతుంది. ఈ నిషేధానికి ఆధారమేమిటి, దాని ఆంతర్యమేమిటి, దానిని పాటించే వారిపై అది మోపే బాధ్యత ఏమిటి అన్న మూడు విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. బొమ్మ గీయరాదని సూటిగా శాసించే వాక్యం దివ్య ఖురాన్‌లో లేదు. ఖురాన్ తీవ్రంగా ఖండించింది విగ్రహారాధనను. హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన జాతివారు కొలిచే ప్రతిమలను ప్రశ్నించిన ఘట్టం అందులో ఉన్నది. హజ్రత్ సులైమాన్ (అలై) కొరకు జిన్నులు నిర్మించిన వస్తువులలో ప్రతిమలు కూడ ఉన్నట్లు అదే గ్రంథం పేర్కొన్నది. ప్రాణుల చిత్రాల విషయంలో కఠినమైన హెచ్చరికలు హదీసులలో కనిపిస్తాయి. బొమ్మలున్న ఇంటిలో దైవదూతలు ప్రవేశించరనీ, జీవుల రూపాలను సృష్టించేవారిని ప్రళయదినాన వాటికి ప్రాణం పోయమని అడగడం జరుగుతుందనీ వాటి సారాంశం. అయితే ఆ హదీసు గ్రంథాలలోనే హజ్రత్ ఆయిషా (రజి) బాల్యంలో బొమ్మలతో ఆడుకున్న ముచ్చట కూడ ఉన్నది. వాటిలో రెక్కల గుర్రమొకటి ఉండగా, గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగారు. సులైమాన్ ప్రవక్త గుర్రాలకు రెక్కలుండేవి కదా అని ఆమె బదులు చెప్పగా ఆయన హాయిగా నవ్వారు. బొమ్మలున్న తెరను ఆమె ఇంటిలో వేలాడదీసినప్పుడు ఆయన ఇష్టపడలేదు. ఆ గుడ్డనే చించి దిండ్లుగా కుట్టితే ఆ దిండ్లను వాడుకున్నారు.

ఈ భిన్న సందర్భాల నుండే ధర్మశాస్త్రవేత్తల మధ్య అభిప్రాయ భేదాలు పుట్టాయి. ఛాయాచిత్రం చేతితో చేసిన సృష్టి కాదు, అద్దంలో కనిపించే నీడను నిలిపి ఉంచడం మాత్రమేనని ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేక్ ముహమ్మద్ బఖీత్ అల్-ముతీయీ వాదించారు. భారత ఉపఖండంలోని ఉలమాలలో పలువురు ఆ వాదాన్ని అంగీకరించలేదు. అయినప్పటికీ హజ్ యాత్రకు వెళ్ళే ప్రతి వ్యక్తి పాస్‌పోర్టు మీద ఛాయాచిత్రం తప్పదు గనుక అవసరార్థం అందరూ సమ్మతించారు. కాబట్టి సాధారణ చిత్రాల విషయంలో ఇస్లాం పండితులందరిదీ ఒకే మాట అనడం సరికాదు. కాని దైవప్రవక్తల రూపచిత్రణ దగ్గరికి వచ్చేసరికి, ముఖ్యంగా సున్నీ పండితులలో, ఈ భేదాలు దాదాపు సమసిపోతాయి. ఛాయాచిత్రాన్ని అనుమతించిన వారు సైతం ప్రవక్త పాత్రను నటుడు ధరించడాన్ని అనుమతించరు.

ఇందుకు కారణాలు రెండు. మొదటిది విశ్వాసానికి సంబంధించినది. నూహ్ (అలై) జాతివారు కొలిచిన వద్, సువా, యగూస్, యఊఖ్, నస్ర్ అనే పేర్లు ఖురాన్‌లో ఉన్నాయి. వీరు మొదట దేవతలు కారనీ, ఆ జాతిలోని సజ్జనులనీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరణ. వారు మరణించాక జ్ఞాపకార్థం ప్రతిమలు నిలిపారు. నిలిపిన తరం వాటిని పూజించలేదు. ఆ తరం గతించి అసలు విషయం మరుగున పడ్డాక, తర్వాతి తరం పూజ మొదలుపెట్టింది. ఈ కథనంలో గమనించదగినది ఒకటున్నది. అక్కడ ప్రతిమను నిలిపింది దురుద్దేశంతో కాదు, కేవలం ప్రేమతో. ప్రేమతో మొదలైనదే మూడు తరాల తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పలేరన్న జాగ్రత్తే ఈ నియమానికి మూలం.

తన విషయంలో ఈ జాగ్రత్త వహించిన మొదటి వ్యక్తి దైవప్రవక్త ముహమ్మద్ (స) గారే. ఆయన చిన్న కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. బాలుని మరణానికి ఆకాశం కూడ దుఃఖించిందని జనం చెప్పుకున్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రి మౌనంగా ఊరుకున్నా ఎవరూ తప్పు పట్టేవారు కారు. కాని ఆయన ఆ మాటను వెంటనే ఖండించి, సూర్యచంద్రులకు ఎవరి చావు పుట్టుకలతోను గ్రహణం పట్టదని ప్రజలకు బోధించారు. క్రీ.శ. 632లో ఆయన పరమపదించినప్పుడు దిగ్భ్రాంతికి లోనైన సహచరులకు హజ్రత్ అబూబక్ర్ (రజి) చెప్పినదీ అదే: ముహమ్మద్ గారు గతించారు, మనం ఆరాధించే అల్లాహ్ మాత్రం నిత్యుడు. ప్రవక్త పటం ముస్లిం ఇంటి గోడపై లేకపోవడం ఈ బోధకు కొనసాగింపే.

రెండవ కారణం గౌరవానికి సంబంధించినది. నటుడు ఎంతటి ప్రతిభావంతుడైనా తన ముఖాన్ని, తన గొంతును, తాను ధరించిన ఇతర పాత్రలను వెంట తీసుకొనే తెరపైకి వస్తాడు. నేడు ప్రవక్తగా కనిపించినవాడు రేపు మరొక చిత్రంలో హంతకుడుగా కనిపించవచ్చు. అంతకన్న ముఖ్యమైన విషయం, ఒకసారి ఒక ముఖం మనస్సులో హత్తుకుంటే అది ఇక తొలగదు. కృష్ణుడనగానే ఒకే నటుని రూపం మనస్సుకు రావడం ఆ నటుని విజయమే గావచ్చు. దర్శనమే ఆరాధనలో భాగమైన సంప్రదాయానికి అందువల్ల లోపమేమీ లేదు. హైందవ సోదరులకు రూపం దైవాన్ని చేరే ద్వారం. ఆ మార్గాన్ని కించపరచే హక్కు మనకు లేదు. కాని ఇస్లాంలో ప్రవక్త ఆరాధ్యుడు కాడు, ఆదర్శప్రాయుడు. అనుసరించవలసింది ఆయన నడవడిని, చూడవలసింది ఆయన ముఖాన్ని కాదు. ఆఫ్రికా రైతైనా, అరబ్బు వర్తకుడైనా, కర్నూలు విద్యార్థి అయినా తన జీవితంలోకి ఆయనను సమానంగా ఆహ్వానించుకోగలగడానికి ఆ ముఖం ఏ ఒక్క నటునిదీ కాకపోవడమే మేలు. 1926లో ఈజిప్టు రంగస్థల నటుడు యూసుఫ్ వహ్బీ ఒక చలనచిత్రంలో ప్రవక్త పాత్ర ధరించడానికి ఒప్పుకున్నప్పుడు కైరోలోని అల్-అజ్హర్ విద్యాపీఠం తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. రాజు ఫువాద్ పౌరసత్వాన్నే రద్దు చేస్తానని హెచ్చరించగా ఆయన ఆ ప్రయత్నాన్ని విరమించుకున్నాడు.

పటం లేనంత మాత్రాన స్మరణ లేదని భ్రమపడరాదు. ప్రవక్తవారి రూపురేఖలను, నడకను, నవ్వును, భోజన విధానాన్ని సహచరులు చెప్పగా ఇమాం తిర్మిజీ 'షమాయిల్' గ్రంథంలో సంకలనం చేశారు. ఆ వర్ణనలనే 17వ శతాబ్దిలో హాఫిజ్ ఉస్మాన్ వంటి తుర్కీ లిపికారులు అందమైన రాతలో తీర్చి, పటం కట్టి ఇళ్ళలో వేలాడదీసే సంప్రదాయాన్ని నెలకొల్పారు. దీనిని 'హిల్యా' అంటారు. ఇతరుల ఇళ్ళలో చిత్తరువు ఉండే చోట వారి ఇంట అక్షరం ఉంటుంది. ఇంత దూరం వెళ్ళనవసరం లేదు. హైదరాబాదులో కుతుబ్‌షాహీల నాటి బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను చూడండి. కర్బలా అమరుల స్మృతికి నిలయమైన ఆ మందిరంలో ఇమాం హుసేన్ (రజి) బొమ్మ లేదు. రంగురంగుల పలకలపై లతలు, అక్షరాలు, లోహంతో చేసిన ఆలములు ఉన్నాయి. మన పల్లెల్లో పీర్ల పండుగనాడు పీరును ఎత్తుకొని నడిచే వారిలో హిందువులు, ముస్లింలు ఇరువురూ ఉంటారు. ముఖం లేని ఆ గుర్తును చూసి కంటతడి పెట్టనివారు అరుదు.

ఇక్కడ నిజాయితీగా చెప్పుకోవలసిన చరిత్ర మరొకటి ఉన్నది. ముస్లింలు ప్రవక్త రూపాన్ని ఎన్నడూ చిత్రించలేదనడం వాస్తవం కాదు. 14వ శతాబ్ది ఆరంభంలో తబ్రీజు నగరంలో మంత్రి రషీదుద్దీన్ ఆధ్వర్యంలో తయారైన 'జామివుత్ తవారీఖ్' ప్రతులలో ప్రవక్తవారి చిత్రాలు ఉన్నాయి. ముఖం కూడ కనిపిస్తుంది. 16వ శతాబ్ది చివర ఉస్మానియా సుల్తాన్ మూడవ మురాద్ కొరకు చిత్రించిన 'సియరె నబీ'లో ఆయన ముఖంపై తెల్లని ముసుగు, శిరస్సు చుట్టూ కాంతిజ్వాల కనిపిస్తాయి. షియా సంప్రదాయం గల ఇరాన్‌లో ఇమాముల పటాలు నేటికీ ప్రజల ఇళ్ళలో ఉన్నాయి. మన దర్గాల సమీపంలోని అంగళ్ళలో మనిషి ముఖం గల బురాఖ్ పటాలు అమ్ముతూనే ఉన్నారు. ఈ చరిత్రను దాచిపెట్టడం వల్ల మన వాదానికి బలం చేకూరదు. పైగా అందులోనే ఒక పాఠం ఉన్నది. కాలక్రమాన చిత్రకారుడే స్వయంగా ముఖంపై ముసుగు వేయడం, తర్వాత ఆకృతినే విడిచి జ్వాలను మాత్రం గీయడం పలుచోట్ల జరిగింది. ఆ కుంచెను ఆపినది బయటి బలవంతం మాత్రమే కాదు, లోపలి వినయం కూడ.

ఈ చరిత్ర తెలియకపోతే ఏమి జరుగుతుందో 2022లో అమెరికాలోని హామ్‌లిన్ విశ్వవిద్యాలయంలో చూశాము. కళాచరిత్ర బోధించే ఒక అధ్యాపకురాలు ముందుగానే హెచ్చరిక చేసి, ఇష్టం లేనివారు చూడనవసరం లేదని చెప్పి, 'జామివుత్ తవారీఖ్'లోని చిత్రాన్ని తరగతిలో చూపారు. ఒక విద్యార్థిని ఫిర్యాదు చేసింది. అధ్యాపకురాలికి తర్వాతి కాలానికి ఉద్యోగం ఇవ్వలేదు. ఆ చర్యను ఇస్లాం ద్వేషంగా విశ్వవిద్యాలయం వర్ణించింది. కాని అమెరికాలోని ముస్లిం పబ్లిక్ అఫైర్స్ కౌన్సిల్ అనే సంస్థ ఆ అధ్యాపకురాలికే మద్దతు పలికింది. 2023 జనవరిలో విశ్వవిద్యాలయం ఆ మాట తగనిదని ఒప్పుకున్నది. ముస్లిం చేతులతో, ముస్లిం పాలకుల కొరకు, భక్తితో గీసిన చిత్రాన్ని చరిత్రగా బోధించడం వేరు, అవమానించే ఉద్దేశంతో వ్యంగ్య చిత్రం గీయడం వేరు. ఈ రెంటి మధ్య భేదాన్ని గ్రహించలేని ఆగ్రహం జ్ఞానానికి శత్రువు.

చలనచిత్ర చరిత్రలో ఈ సమస్యను నిజాయితీగా ఎదుర్కొన్న ప్రయత్నం 1976 నాటి 'ది మెసేజ్'. సిరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ముస్తఫా అక్కాద్ దీని దర్శకుడు. ఇంగ్లీషు, అరబ్బీ భాషలలో వేర్వేరు నటులతో రెండుసార్లు చిత్రించారు. హజ్రత్ హమ్జా (రజి) పాత్రను ఇంగ్లీషులో ఆంటొనీ క్విన్, అరబ్బీలో అబ్దుల్లా గైస్ పోషించారు. ప్రవక్తవారి ముఖం సరే, నీడ కూడ తెరపై పడదు. గొంతు వినిపించదు. ఆయన ఉన్న చోట కెమెరా ఉంటుంది. పాత్రలు కెమెరా వైపు చూసి మాట్లాడి, విన్న మాటను తాము మళ్ళీ చెబుతాయి. మొదటి ఖలీఫాలను కూడ చూపలేదు. హజ్రత్ అలీ (రజి) ఉనికిని జుల్ఫిఖార్ ఖడ్గపు మొన మాత్రమే తెలుపుతుంది. ఇంత జాగ్రత్త వహించినా ఆటంకాలు తప్పలేదు. మొదట సమ్మతించిన అల్-అజ్హర్ తర్వాత సమ్మతిని ఉపసంహరించుకున్నది. మొరాకోలో సాగుతున్న చిత్రీకరణ ఆగిపోయి లిబియాకు తరలిపోవలసి వచ్చింది.

అసలు విషాదం ఆ తర్వాత జరిగింది. ఆంటొనీ క్విన్ సాక్షాత్తు ప్రవక్త పాత్రే ధరించాడన్న వదంతి దేశదేశాల వ్యాపించింది. 1977 మార్చి 9న, అమెరికాలో ఈ చిత్రం విడుదల కావలసిన రోజునే, వాషింగ్టన్ నగరంలో 12 మంది సాయుధులు మూడు భవనాలను ఆక్రమించి దాదాపు 150 మందిని నిర్బంధించారు. వారి నాయకుని కుటుంబ సభ్యులను 1973లో దారుణంగా హత్య చేశారు. ఆ హంతకులను తనకు అప్పగించాలన్నది అతని ప్రధానమైన కోరిక. ఈ చిత్ర ప్రదర్శనను నిలిపివేయాలన్నది మరొకటి. ఆ సంఘటనలో ఒక యువ రేడియో విలేకరి ప్రాణం కోల్పోయాడు. చివరకు ఈజిప్టు, పాకిస్తాన్, ఇరాన్ దేశాల రాయబారులు ముగ్గురూ వెళ్ళి, ఖురాన్ వాక్యాలను చదివి, కారుణ్యాన్ని గుర్తు చేసి నచ్చజెప్పిన మీదట బందీలు విడుదలయ్యారు. ప్రవక్తను చూపని చిత్రాన్ని, ప్రవక్తను చూపిందన్న నెపంతో ఆపమన్నారు. ప్రవక్త గౌరవాన్ని కాపాడబోయి ప్రవక్త బోధనను కాలరాచారు. 2005 నవంబరులో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో హోటళ్ళపై జరిగిన బాంబు దాడులలో అక్కాద్, ఆయన కుమార్తె మరణించారు. ఇస్లాం సందేశాన్ని తెరపై చెప్పడానికి జీవితకాలం శ్రమించిన దర్శకుడు ఇస్లాం పేరు చెప్పుకొనేవారి చేతిలోనే బలి కావడం కన్న క్రూరమైన వైపరీత్యం ఏముంటుంది?

తర్వాతి ప్రయత్నాలకూ వివాదాలు తప్పలేదు. 2012 రంజాన్ మాసంలో ప్రసారమైన అరబ్బీ ధారావాహిక 'ఉమర్'లో ద్వితీయ ఖలీఫా పాత్రను నటుడు ధరించాడు. అల్-అజ్హర్ వ్యతిరేకించగా యూసుఫ్ అల్-ఖర్జావీ వంటి పండితులు సమర్థించారు. 2015లో ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ ప్రవక్తవారి బాల్యంపై తీసిన చిత్రంలో బాలుని వెనుక నుండి చూపారే గాని ముఖం చూపలేదు. ఆ చిత్రానికి సంగీతం సమకూర్చినందుకు ఎ.ఆర్.రహ్మాన్‌పైనా ముంబయిలోని రజా అకాడమీ ఫత్వా తెప్పించింది. తాను సదుద్దేశంతోనే పనిచేశానని ఆయన ఎంతో నమ్రతతో బదులిచ్చారు. అభిప్రాయ భేదాన్ని ఎంత హుందాగా వ్యక్తపరచవచ్చునో ఆ జవాబు మనకు నేర్పుతుంది.

నా అభిప్రాయంలో ప్రవక్తల విషయంలో గీత స్పష్టంగా ఉండాలి: రూపచిత్రణ వద్దు. సహచరుల విషయంలో పండితులలోనే భేదమున్నది గనుక, చరిత్రకు కట్టుబడి, వినయంతో చేసిన ప్రయత్నాన్ని పాపమని కొట్టివేయడం తగదు. అయితే మొదటి నియమాన్ని పాటించేవారు దానిని సంపూర్ణంగా పాటించాలి. ఈసా (అలై), మూసా (అలై), యూసుఫ్ (అలై), నూహ్ (అలై) కూడ మనకు ప్రవక్తలే. ప్రవక్తల మధ్య భేదం పాటించరాదని ఖురాన్ బోధిస్తున్నది. ఈ దృష్టితోనే 2014లో హాలీవుడ్ చిత్రం 'నోవా'ను ఖతర్, బహ్రెయిన్, ఇండోనేషియా వంటి దేశాలు నిషేధించాయి. యూసుఫ్ ప్రవక్తపై 2008లో ఇరాన్ నిర్మించిన ధారావాహికను మాత్రం ఉర్దూ అనువాదంలో మన ఇళ్ళలో ఆసక్తితో చూశారు. నేడు కృత్రిమ మేధతో తయారైన ప్రవక్తల కథల వీడియోలను, కాంతివంతమైన ముఖాలతో సహా, మన యువకులే సెల్‌ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఒక నటుని ముఖానికి అభ్యంతరం చెప్పినవారు యంత్రం కల్పించిన ముఖానికి ఎలా తలవంచుతారు? ఆ యంత్రానికి భక్తి లేదు, చరిత్ర పట్ల బాధ్యత లేదు. అక్కాద్ పడిన తపనలో వెయ్యో వంతు కూడ దానికి లేదు. ఇతరులపై ఆగ్రహించే ముందు మన చేతిలోని ఫోనును సరిచూసుకోవడం న్యాయం.

చూపరాదన్న నియమం మనపై మరొక రుణాన్ని మోపుతున్నది. పటం ద్వారా పరిచయం చేయము గనుక మాట ద్వారా, నడవడి ద్వారా పరిచయం చేయాలి. ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి పండితుడు చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కారు. ఏ పటమూ అవసరం లేకుండానే అక్షరం ద్వారా ఆ గ్రంథాన్ని తెలుసుకొని, తెలుగువారికి తెలియజెప్పిన విద్వాంసుడాయన. మన కళాశాలలో ఉర్దూ చదివేవారికి సీరత్ గ్రంథాలు లభ్యమే. తెలుగు మాధ్యమంలో చదివే ముస్లిం విద్యార్థులకు, ముస్లిమేతర మిత్రులకు అందుబాటులో ఉండే తెలుగు గ్రంథాలను మన గ్రంథాలయంలో సమకూర్చవలసిందిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాను. మీలాదున్నబీ సభలలో ఉర్దూ ప్రసంగాలతోబాటు ఒక తెలుగు ప్రసంగమైనా ఉండాలి. వార్షికోత్సవ నాటికల విషయంలో ఏ పాత్రలు ధరించరాదో ముందుగానే ఒక చిన్న నియమావళిని ప్రకటిస్తే చివరి నిమిషంలో వివాదాలు తలెత్తవు. హజ్రత్ బిలాల్ (రజి) వంటి మహనీయుని కథను ఆయన పాత్ర రంగంపైకి రాకుండానే, అజాన్ ధ్వనితో, చుట్టూ ఉన్నవారి మాటలతో మన విద్యార్థులు ప్రదర్శించగలరు. 'ది మెసేజ్' చూపిన మార్గం మనకు ఉన్నది.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఏదో ఒక చిత్రం ప్రవక్తను అవమానించిందన్న వార్త రేపు మీకు చేరవచ్చు. చేరిన వార్తను విచారించి నిర్ధారించుకోమని ఖురాన్ ఆజ్ఞ. ముందు తెలుసుకోండి. తప్పని తేలితే ఆ వదంతిని మీ దగ్గరే ఆపండి. నిజమని తేలితే న్యాయబద్ధంగా, మర్యాదగా అభ్యంతరం తెలపండి. తాయిఫ్ పట్టణంలో రాళ్ళు విసిరి రక్తం కార్చినవారిని శపించక వారి సంతానం కొరకు ఆశపడిన మహనీయుని అనుచరులం మనం. ఆయన ఎలా ఉండేవారని ఎవరైనా అడిగినప్పుడు చూపడానికి మన వద్ద పటం లేదు. మన ప్రవర్తనే ఆ ప్రశ్నకు జవాబు కావాలి.